అవతలివారు ఫోను పెట్టేసినా లైను వదలని అడాప్టర్: డిస్కనెక్ట్ టోన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాండ్‌లైన్‌ను ఇంటర్నెట్ ఫోన్ అడాప్టర్‌కు కలిపి చిన్న ఆఫీసులోనో, దుకాణంలోనో, క్లినిక్‌లోనో వాడుకునేవారిని వేధించే చిక్కుల్లో ఇది మొదటిది. మాట్లాడటం అయిపోతుంది, అవతలివారు ఫోను పెట్టేస్తారు, అయినా అడాప్టర్ లైను పట్టుకునే ఉంటుంది. ఆ తరువాత ఎవరు చేసినా ఎంగేజ్ వస్తుంది. వాయిస్ మెయిల్ తెరిస్తే రెండు నిమిషాల పాటు బీప్ మోత తప్ప ఏమీ ఉండదు. దీనికి అడాప్టర్ మార్చాల్సిన పని చాలాసార్లు ఉండదు. ఒక్క గడిలో సరైన అంకెలు వేస్తే చాలు. ఆ అంకెలు మీ లైను నుంచే ఎలా రాబట్టాలో కింద వివరించాను.

ఈ సమస్య అన్ని అడాప్టర్లకూ వస్తుందా?

రాదు. అడాప్టర్ వెనుక రెండు రకాల పోర్టులు ఉండవచ్చు. ఎఫ్‌ఎక్స్‌ఎస్ పోర్టుకు మామూలు టెలిఫోను తగిలిస్తాం. అక్కడ అడాప్టరే ఎక్స్ఛేంజీ పాత్ర వహించి కరెంటు, డయల్ టోన్, గంట ఇస్తుంది. ఎఫ్‌ఎక్స్‌వో పోర్టుకు గోడ నుంచి వచ్చే టెలిఫోను లైను తగిలిస్తాం. అక్కడ అడాప్టర్ ఒక ఫోనులా ప్రవర్తించాలి, అంటే గంట మోగితే ఎత్తాలి, మాట ముగిస్తే పెట్టేయాలి. చిక్కంతా ఈ రెండో పోర్టుతోనే. లింక్‌సిస్ ఎస్‌పీఏ-3102, దానికి ముందు వచ్చిన సిపురా ఎస్‌పీఏ-3000, గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ-503, హెచ్‌టీ-813, ఒబీ-110 వంటివి ఈ పోర్టు ఉన్న పరికరాలు. మీ అడాప్టర్‌లో ఎఫ్‌ఎక్స్‌ఎస్ పోర్టు మాత్రమే ఉంటే ఈ పేజీతో మీకు పని లేదు.

అవతలివారు పెట్టేస్తే లైను దానంతటదే తెగిపోదా?

మనిషి చేతిలో రిసీవర్ ఉన్నప్పుడు ఈ ప్రశ్నే పుట్టదు. అవతలి నుంచి "ఉంటాను మరి" అన్న మాట వినిపిస్తుంది, మనమూ పెట్టేస్తాం. నిజానికి అవతలివారు పెట్టేసినంత మాత్రాన మన వైపు తీగలో కరెంటు ఆగదు. మన రిసీవర్ ఎత్తి ఉన్నంతసేపూ ఎక్స్ఛేంజీ నుంచి మనదాకా విద్యుత్ వలయం మూసుకునే ఉంటుంది. ఫోను పెట్టేసి ఉన్నప్పుడు తీగల మధ్య 48 వోల్టుల దాకా ఉంటుంది, ఎత్తగానే అది పది వోల్టుల దరిదాపులకు పడిపోతుంది. అవతలివారు పెట్టేసినా ఆ పది పదిగానే ఉంటుంది. కాబట్టి కాల్ ముగిసిందని అడాప్టర్‌కు ఎవరో చెప్పాలి. చెప్పగలిగింది ఎక్స్ఛేంజీ ఒక్కటే.

ఎక్స్ఛేంజీ ఆ సంగతి ఎలా చెబుతుంది?

అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి, లైనులో కరెంటును క్షణకాలం పూర్తిగా ఆపేయడం. అడాప్టర్ సెటప్ పేజీల్లో దీన్ని సీపీసీ అనో కరెంట్ డిస్కనెక్ట్ అనో రాస్తారు. సెకనులో పావు వంతు నుంచి ముప్పావు వంతు వరకు కరెంటు పోయి మళ్లీ వస్తుంది. దీన్ని పట్టుకోవడానికి వినికిడితో పని లేదు, పొరపాటుకు తావు తక్కువ. అమెరికాలో ఇది మామూలుగా దొరుకుతుంది. మన రాగి తీగల లైన్లలో దీన్నే నమ్ముకుని కూర్చోలేము.

రెండోది పోలారిటీ రివర్సల్, అంటే రెండు తీగల ధన, రుణ ధ్రువాలను తారుమారు చేయడం. పసుపు బోర్డుల ఎస్‌టీడీ బూత్‌ల కాలం గుర్తున్నవారికి ఇది కొత్త కాదు. బూత్‌లోని మీటరు అవతలివారు ఎత్తిన క్షణం నుంచే లెక్క మొదలుపెట్టాలి, పెట్టేయగానే ఆపాలి. అందుకు ఎక్స్ఛేంజీ 16 కిలోహెర్ట్‌జ్ పల్సులో, ఈ రివర్సలో పంపేది. మీ లైనుకు రివర్సల్ సౌకర్యం ఇవ్వగలరేమో ఎక్స్ఛేంజీలో అడిగి చూడండి. ఇస్తామంటే వదులుకోవద్దు. టోన్ వెంట పడటం కంటే అదే మేలు.

మూడోది ఈ పేజీకి అసలు విషయమైన డిస్కనెక్ట్ టోన్. అవతలివారు పెట్టేశాక ఎక్స్ఛేంజీ మన చెవిలో బీప్, బీప్ అని మోగిస్తుంది. అడాప్టర్ ఆ మోతను గుర్తుపట్టి లైను వదలాలి.

నాలుగోది ఎక్స్ఛేంజీ పంపేది కాదు, అడాప్టర్ తనంతట తాను ఊహించేది. చాలాసేపు నిశ్శబ్దంగా ఉంటే కాల్ ముగిసిందనుకోవడం. దీని మంచిచెడ్డలు తరువాత చెబుతాను.

భారతదేశంలో టోన్ల అంకెలు ఏమిటి?

మన దేశంలో ఎంగేజ్ టోన్ 400 హెర్ట్‌జ్‌లో ఉంటుంది. 0.75 సెకను మోత, 0.75 సెకను విరామం. లైన్లు ఖాళీ లేనప్పుడు వచ్చే రద్దీ టోన్‌ది కూడా అదే 400 హెర్ట్‌జ్, కానీ వేగం ఎక్కువ: 0.25 సెకను మోత, 0.25 సెకను విరామం. డయల్ టోన్ కూడా 400 హెర్ట్‌జే అయినా దాన్ని 25 హెర్ట్‌జ్‌తో మాడ్యులేట్ చేస్తారు, ఆ గరగర అందుకే. అవతల గంట మోగుతున్నప్పుడు మనకు వినిపించే టోన్ కూడా అలా మాడ్యులేట్ చేసినదే. దాని లయ 0.4 మోత, 0.2 విరామం, మళ్లీ 0.4 మోత, ఆపై 2 సెకన్ల విరామం. కాల్ వెయిటింగ్ బీప్ 0.2 మోత, 0.1 విరామం, 0.2 మోత, తరువాత 7.5 సెకన్ల నిశ్శబ్దం.

గమనించండి, అన్నిటిలోనూ ఉన్నది 400 హెర్ట్‌జే. మన దేశంలో టోన్లను వేరు చేసేది ముఖ్యంగా లయ. లయను సరిగా కొలవకపోతే ఫ్రీక్వెన్సీ ఎంత కచ్చితంగా ఉన్నా ప్రయోజనం లేదు.

అంకెలు తెలిసే ఉన్నాయి కదా, మళ్లీ నా లైనును రికార్డు చేయడం ఎందుకు?

ఎందుకంటే పై అంకెలు దేశ ప్రమాణానివి, మీ లైనుకు అవతల ఉన్న ఎక్స్ఛేంజీ ప్రవర్తన మరో సంగతి. మన ఊళ్లలో రకరకాల ఎక్స్ఛేంజీలు పనిచేశాయి. 1984లో ఏర్పడిన సీ-డాట్ రూపొందించినవి, ఈ-10బీ, ఓసీబీ-283, ఈడబ్ల్యూఎస్‌డీ వంటివి ఒకదాని పక్కన ఒకటి నడిచాయి. ఆ తరువాత చాలాచోట్ల కొత్త తరం పరికరాలు వచ్చాయి. ప్రైవేటు కంపెనీల లైన్లు వేరు. ఆఫీసులో ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి సొంత చిన్న ఎక్స్ఛేంజీ) ఉంటే ఆ పెట్టె తన సొంత టోన్ వినిపిస్తుంది, అది ఏ దేశపు అంకెలతో తయారైందో చూస్తేగాని తెలియదు.

అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. పట్టికల్లో కనిపించేది ఎంగేజ్ టోన్ అంకెలు. అడాప్టర్‌కు కావలసింది అవతలివారు పెట్టేశాక మీ లైనులో వినిపించే టోన్. చాలాచోట్ల ఈ రెండూ ఒకటే, కానీ అంతటా కాదు. కొన్ని లైన్లలో రద్దీ టోన్ వస్తుంది, కొన్నింటిలో విరామం లేని మోత, కొన్నింటిలో ముందు కొన్ని సెకన్ల నిశ్శబ్దం, తరువాత టోన్. పట్టిక నుంచి అంకెలు ఎక్కించి "పనిచేయడం లేదు" అని అడాప్టర్‌ను తిట్టుకునేవారిలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ముందు మీ లైను వినండి, కొలిచాక సరిచూసుకోవడానికి పట్టిక తీయండి.

అయితే సరిగ్గా ఏ టోన్‌ను రికార్డు చేయాలి?

ఎంగేజ్‌లో ఉన్న నంబరుకు ఫోను చేసి వచ్చిన మోతను రికార్డు చేయకండి. సెల్‌ఫోను నుంచి ల్యాండ్‌లైన్‌కు చేయండి. ల్యాండ్‌లైన్ ఎత్తండి. రెండు మాటలు మాట్లాడి సెల్‌లో కాల్ కట్ చేయండి. ల్యాండ్‌లైన్ రిసీవర్‌ను మాత్రం పెట్టకుండా అలాగే ఉంచి, సెల్ కట్ చేసిన క్షణం నుంచి రెండు మూడు నిమిషాలు రికార్డు చేయండి.

తరువాత తిప్పి చేయండి. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేసి, సెల్ ఎత్తి, సెల్‌లోనే కట్ చేసి, మళ్లీ ల్యాండ్‌లైన్‌లో వినిపించేది రికార్డు చేయండి. ఈ రెండో ప్రయత్నం చాలామంది వదిలేస్తారు. వచ్చిన కాల్‌కు, మనం చేసిన కాల్‌కు ఎక్స్ఛేంజీ ప్రవర్తన ఒకేలా ఉండాలని లేదు. పాత పద్ధతి ఎక్స్ఛేంజీల్లో కాల్‌పై పెత్తనం ఆ కాల్ చేసినవారిదే. పిలుపు అందుకున్నవారు రిసీవర్ పెట్టేసినా, పక్క గదిలో మళ్లీ ఎత్తి మాట్లాడేందుకు వీలుగా లైను కొంతసేపు నిలిచి ఉంటుంది. ఆ గడువు తీరాకే మీకు టోన్ వస్తుంది. ఆ లోపు అడాప్టర్ ఎంత తెలివైనదైనా చేయగలిగేది ఏమీ లేదు.

రెండు మూడు నిమిషాలు రికార్డు చేయమనడానికీ కారణం ఉంది. చాలా ఎక్స్ఛేంజీలు ఈ టోన్‌ను కొంతసేపు మాత్రమే వినిపించి, ఆపై లైనును పక్కన పెట్టేస్తాయి. ఆ తరువాత పూర్తి నిశ్శబ్దం. టోన్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో రెండూ రాసిపెట్టుకోండి. అడాప్టర్‌కు పట్టుకునే అవకాశం ఉన్నది ఆ మధ్యలోనే.

రికార్డు చేయడానికి ఏ పరికరం కావాలి? ఫోను తీగను కంప్యూటర్ మైక్ రంధ్రంలో పెట్టవచ్చా?

పెట్టకూడదు. ఫోను పెట్టేసి ఉన్నప్పుడు తీగలో 48 వోల్టుల డీసీ ఉంటుంది, గంట మోగినప్పుడు 75 వోల్టులకు అటూ ఇటూగా ఏసీ వస్తుంది. నేరుగా కలిపితే సౌండ్ కార్డు పోతుంది, మీకూ షాక్ తగలవచ్చు. తీగ ద్వారానే తీసుకోవాలంటే మధ్యలో 600 ఓమ్‌ల ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, డీసీని అడ్డుకునే కెపాసిటర్ ఉండాలి. అంత శ్రమ ఇక్కడ అవసరం లేదు.

రిసీవర్ చెవి భాగం దగ్గర సెల్‌ఫోను మైక్ పెట్టి, మామూలు వాయిస్ రికార్డర్ యాప్‌తో రికార్డు చేస్తే సరిపోతుంది. శబ్దం స్థాయి సరిగా రాదు కానీ ఫ్రీక్వెన్సీ, లయ రెండూ చక్కగా వస్తాయి, మనకు కావలసినవి అవే. ఒక్క జాగ్రత్త పాటించండి. రణగొణ శబ్దాన్ని తొలగించే సౌకర్యం యాప్‌లో ఉంటే ఆపేయండి. ఒకే తీరుగా సాగే మోతను అది అనవసర శబ్దమనుకుని చెరిపేస్తుంది. ఫ్యాను కూడా కాసేపు ఆపండి.

ఇంకా మంచి దారి, అడాప్టర్ ద్వారానే రికార్డు చేయడం. ల్యాండ్‌లైన్‌కు వచ్చిన కాల్‌ను అడాప్టర్ మీ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌ఫోనుకు (ఫోనులా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు) పంపేలా పెట్టి, అక్కడ రికార్డు చేయండి. అడాప్టర్ చెవికి ఏది చేరుతుందో సరిగ్గా అదే మీకు దొరుకుతుంది. కోడెక్ (శబ్దాన్ని డేటాగా మార్చే పద్ధతి) మాత్రం జీ.711 ఉండాలి. జీ.729 మనిషి గొంతు కోసం తయారైంది, టోన్లను అది వంకరచేస్తుంది. నిశ్శబ్దంలో డేటా పంపకుండా ఆపే సైలెన్స్ సప్రెషన్‌ను కూడా ఆపేయండి.

ఫ్రీక్వెన్సీ ఎలా కొలవాలి?

ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. రికార్డింగ్ తెరిచి, ఒక మోతను మాత్రమే, అంటే విరామం కలవకుండా, మౌస్‌తో ఎంచుకోండి. అనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ తీయండి. గ్రాఫులో నిలువుగా లేచిన శిఖరం మీద మౌస్ పెడితే దాని విలువ కనిపిస్తుంది.

ఇక్కడ సైజు అనే గడి ముఖ్యం. ఆ అంకె పెద్దదైన కొద్దీ ఫ్రీక్వెన్సీ సూక్ష్మంగా తెలుస్తుంది, కానీ అంత పొడవైన మోత ఉండాలి. సెకనుకు 44,100 నమూనాల రికార్డింగ్‌లో 8,192 సైజు పెడితే గ్రాఫులో ఒక్కో మెట్టు 5.4 హెర్ట్‌జ్. 16,384 పెడితే 2.7 హెర్ట్‌జ్, దానికి 0.37 సెకను మోత కావాలి. మన 0.75 సెకను టోన్‌లో అది సులువుగా ఇముడుతుంది. సాఫ్ట్‌ఫోను రికార్డింగ్ సెకనుకు 8,000 నమూనాలే అయితే 4,096 పెట్టండి. దానికి అర సెకనుకు కాస్త ఎక్కువ మోత చాలు, మెట్టు దాదాపు 2 హెర్ట్‌జ్. 398 అనో 401 అనో వస్తే కంగారు పడవద్దు, 400 అని రాసుకోండి.

ఒక మాయ గురించి హెచ్చరించాలి. మన కరెంటు 50 హెర్ట్‌జ్. లైనులో కరెంటు హమ్ ఉంటే దాని గుణిజాల దగ్గర కూడా చిన్న శిఖరాలు లేస్తాయి: 100, 150, 200 ఇలా. ఎనిమిదో గుణిజం సరిగ్గా 400. కాబట్టి మోత లేని విరామ భాగాన్ని కూడా విడిగా ఎంచుకుని అదే గ్రాఫు గీయండి. అక్కడా 400 దగ్గర ఎత్తయిన శిఖరం కనిపిస్తే అది టోన్ కాదు, హమ్. ముందు తీగలు, ఎర్తింగు, అడాప్టర్ కరెంటు ప్లగ్గు చూసుకోండి.

నాకు 375, 425 దగ్గర శిఖరాలు కనిపిస్తున్నాయి. ఏది రాయాలి?

రెండూ కాదు. మీరు రికార్డు చేసింది డయల్ టోన్ లేదా రింగ్ టోన్ అయి ఉంటుంది. 400 హెర్ట్‌జ్‌ను 25తో మాడ్యులేట్ చేస్తే దానికి ఇరువైపులా 25 దూరంలో శిఖరాలు పుడతాయి. చాలా దేశాల టోన్లు 425 హెర్ట్‌జ్‌లో ఉండటం వల్ల కొందరు "ఓహో, మాది 425 అన్నమాట" అని పొరబడతారు. టోన్ల గురించి అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఇచ్చిన ఈ.180 సిఫార్సు కూడా 400 నుంచి 450 మధ్య ఉండాలంటూ 425కే మొగ్గు చూపుతుంది, అందుకే ఆ అంకె అంత ప్రచారంలో ఉంది. సెల్ కట్ చేశాక వచ్చిన భాగాన్నే ఎంచుకున్నారో లేదో మళ్లీ చూడండి.

లయ కొలవడం ఎలా?

ఇది కంటితోనే తెలిసిపోతుంది. తరంగ చిత్రంలో మోతలు దిమ్మెల్లా, విరామాలు ఖాళీగా కనిపిస్తాయి. ఒక్క మోతను కొలిచి వదిలేయకండి. వరుసగా పది మోతల మొదలు నుంచి పదకొండో మోత మొదలు దాకా కొలిచి పదితో భాగిస్తే ఒక చుట్టు నిడివి కచ్చితంగా వస్తుంది. తరువాత మోతను విడిగా కొలిచి చుట్టులోంచి తీసేస్తే విరామం మిగులుతుంది.

ఎస్‌పీఏ-3102లో ఏం రాయాలి?

పీఎస్‌టీఎన్ (అంటే మామూలు టెలిఫోను నెట్‌వర్కు) లైన్ పేజీలో డిటెక్ట్ డిస్కనెక్ట్ టోన్ అన్న చోట 'yes' పెట్టండి. దాని దగ్గరే డిస్కనెక్ట్ టోన్ అనే గడి ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు అందులో ఉండేది అమెరికా టోన్:

480@-30,620@-30;4(.25/.25/1+2)

మన ప్రమాణ టోన్‌కు దాన్ని ఇలా మార్చాలి:

400@-30,400@-30;4(.75/.75/1+2)

మొదటి రెండు ముక్కలు ఫ్రీక్వెన్సీలు. ఈ పరికరానికి రెండు ఫ్రీక్వెన్సీలు తప్పనిసరి, ఒకటే ఉంటే అదే రెండుసార్లు రాయాలి. -30 అన్నది శబ్ద స్థాయి, దీన్ని పరికరం పట్టించుకోదు, అలాగే వదిలేయండి. సెమీకోలన్ తరువాతి 4 అంటే, ఈ లయ కనీసం నాలుగు సెకన్లు సాగితేనే కాల్ ముగిసినట్టు లెక్క. బ్రాకెట్లో మోత, విరామం సెకన్లలో. 1+2 అంటే రెండు ఫ్రీక్వెన్సీలూ కలిసి మోగుతాయని. ఇలాంటి బ్రాకెట్ ఒక్కదాన్నే ఇది అంగీకరిస్తుంది, కాబట్టి ఎంగేజ్, రద్దీ టోన్లు రెండింటినీ ఒకేసారి పట్టుకోమని చెప్పలేము. మీ రికార్డింగ్‌లో వచ్చింది రద్దీ టోన్ అయితే .75 స్థానాల్లో .25 ఉంచండి.

లయ విషయంలో ఈ పరికరం పది శాతం తేడానే సహిస్తుంది. 0.75 అని రాస్తే 0.675 నుంచి 0.825 వరకు ఒప్పుకుంటుంది. మీ ఎక్స్ఛేంజీ 0.65 మోగిస్తుంటే, చెవికి తేడా తెలియకపోయినా అడాప్టర్ ఒప్పుకోదు. పైన అంతగా కొలవమన్నది అందుకే.

వేరే కంపెనీ పరికరమైతే?

అడిగేది అదే, రాసే తీరు వేరు. గ్రాండ్‌స్ట్రీమ్ పరికరాల్లో లయను మిల్లీసెకన్లలో రాయాలి, అంటే 0.75 కాదు, 750. ఎఫ్‌ఎక్స్‌వో పేజీలో టోన్‌ను గుర్తించే సౌకర్యాన్ని విడిగా ఆన్ చేయాలి. కంప్యూటర్‌ను ఎక్స్ఛేంజీగా మార్చే ఆస్టరిస్క్ సాఫ్ట్‌వేర్‌తో అనలాగ్ కార్డు వాడేవారికి బిజీడిటెక్ట్, బిజీకౌంట్, బిజీప్యాటర్న్ అనే మూడు అమరికలు ఉంటాయి. ప్యాటర్న్‌లో 750,750 అని, కౌంట్‌లో ఎన్ని మోతలు విన్నాక తెంచాలో ఆ అంకె ఇవ్వాలి. నాలుగు సరైన మొదలు.

అమెరికాలో బాగా పనిచేసిన అడాప్టర్ ఇక్కడ లైను వదలడం లేదు. చెడిపోయిందా?

చెడిపోలేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో వాడి, ఊరికి వచ్చినప్పుడు తెచ్చి అమ్మానాన్నల ఇంట్లో పెట్టిన పరికరాలకు ఇది సహజం. అక్కడ అది కరెంటు ఆగడాన్ని గమనించి లైను వదిలేది. టోన్ గడిలో ఏముందో ఎవరూ చూడాల్సిన అవసరం రాలేదు. ఇక్కడ ఆ కరెంటు ఆగకపోతే టోన్ గడే దిక్కు, అందులో 480, 620 ఉన్నాయి. మన 400 దానికి వినిపిస్తుంది కానీ అది తన కోసమేనని తెలియదు.

మాట్లాడుతుండగానే కాల్ తెగిపోతోంది. ఎందుకు?

టోన్‌ను పట్టే షరతు మరీ వదులుగా ఉంది. ఇలాంటి పరికరాలు ఒక ఎంపిక చేసిన ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత శక్తి ఉందో లెక్కగడతాయి. 1958లో జెరాల్డ్ గోర్ట్‌జెల్ చెప్పిన గణిత పద్ధతి ఇందుకు బాగా వాడుకలో ఉంది. 400 హెర్ట్‌జ్ మనిషి గొంతు పరిధిలోనిదే. పిల్లల ఏడుపు, హోల్డ్‌లో పెట్టినప్పుడు వచ్చే సంగీతం, నాదస్వరం అక్కడికి సులువుగా చేరతాయి. కానీ వాటిలో ఏదీ 0.75 మోగి, 0.75 ఆగి, మళ్లీ మోగదు. కాబట్టి లయ షరతును తీసేసి కేవలం మోత అని పెట్టకండి. నాలుగు సెకన్ల గడువును రెండుకు తగ్గించి ఉంటే మళ్లీ నాలుగు చేయండి.

అవతలివారు ఎత్తిన క్షణంలోనే తెగుతుంటే కారణం వేరు. ఎక్స్ఛేంజీ ఎత్తినందుకు గుర్తుగా పోలారిటీ తిప్పుతోంది, అడాప్టర్ దాన్ని ముగింపు అనుకుంటోంది. డిటెక్ట్ పోలారిటీ రివర్సల్‌ను ఆపి చూడండి.

అన్నీ సరిగా పెట్టినా టోన్‌ను పట్టడం లేదు. ఇంకేం చూడాలి?

సేవ్ చేశాక పరికరం తిరిగి మొదలైందో లేదో చూడండి. గడిలో ఎక్కడైనా ఖాళీ చొరబడిందేమో, సెమీకోలన్ బదులు కామా పడిందేమో చూడండి. ఆ తరువాత శబ్ద స్థాయి: ఎక్స్ఛేంజీకి దూరంగా, పాత తీగ చివర ఉన్న లైనులో టోన్ నీరసంగా వస్తుంది. పీఎస్‌టీఎన్ నుంచి ఎస్‌పీఏకు గెయిన్ అనే గడిలో మూడు డెసిబెల్ పెంచి చూడండి. మరీ పెంచితే ప్రతిధ్వని మొదలవుతుంది. అదే లైనుకు డీఎస్‌ఎల్ ఉంటే ఫిల్టర్ లేకుండా అడాప్టర్ తగిలించకండి, ఆ శబ్దం కొలతను పాడుచేస్తుంది. సమాంతరంగా మరో ఫోను తగిలించి ఉంటే దాన్ని తీసి పరీక్షించండి.

ఇంకొక మాట. మీ రికార్డింగ్‌లో టోన్ మొత్తం అయిదు సెకన్లే వినిపించి ఆగిపోయిందనుకోండి. అప్పుడు నాలుగు సెకన్ల షరతు అంచు మీద ఉంటుంది, ఒకసారి పట్టి ఒకసారి వదులుతుంది. అలాంటి లైనుకు మాత్రం గడువును మూడుకు దించడం న్యాయం.

టోన్ గొడవ లేకుండా నిశ్శబ్దాన్ని బట్టే తెంచవచ్చు కదా?

తోడుగా పెట్టుకోండి, దాని మీదే ఆధారపడకండి. ఎస్‌పీఏ-3102లో డిటెక్ట్ పీఎస్‌టీఎన్ లాంగ్ సైలెన్స్ ఆన్ చేసి వ్యవధి 30 సెకన్లు ఉంచితే, టోన్ తప్పిపోయినా లైను ఎప్పటికీ ఇరుక్కుపోదు. అయితే అవతలివారు కాగితం వెతుకుతూ నిమిషం పాటు మాట్లాడకపోతే వారి కాల్ కూడా తెగుతుంది. క్లినిక్ వంటి చోట్ల 60 కంటే తగ్గించవద్దని నా సలహా. పైగా టోన్ మోగుతున్నంతసేపూ అది నిశ్శబ్దం కాదు కాబట్టి లెక్క మొదలే కాదు.

మా ఇంటికి ఇప్పుడు ఫైబర్ వచ్చింది. ఇదంతా అవసరమా?

ఫైబర్ కనెక్షన్‌లో ఇంట్లో ఉన్న, ఫైబర్ తీగ వచ్చి చేరే ఓఎన్‌టీ పెట్టెకే ఫోను పోర్టు ఉంటుంది. అంటే మాట ఆ పెట్టె దాకా ఇంటర్నెట్ రూపంలోనే వచ్చి, అక్కడ అనలాగ్‌గా మారుతోంది. దాన్ని మీ అడాప్టర్ మళ్లీ ఇంటర్నెట్ రూపంలోకి మార్చడం చుట్టుదారి. సిప్ వివరాలు (ఇంటర్నెట్ ఫోనుగా నేరుగా కలవడానికి కావలసిన ఖాతా వివరాలు) ఇవ్వగలరేమో మీ సర్వీసు కంపెనీని అడగండి. ఇస్తే ఎఫ్‌ఎక్స్‌వో పోర్టూ వద్దు, టోన్ కొలతలూ వద్దు, కాల్ ముగిసిన సంగతి సందేశంగానే వస్తుంది. ఇవ్వకపోతే పైన చెప్పిందంతా చేయాల్సిందే, కాకపోతే ఇప్పుడు టోన్ మోగించేది ఊళ్లోని ఎక్స్ఛేంజీ కాదు, మీ గోడకున్న పెట్టె. రాగి లైను నుంచి ఫైబర్‌కు మారినవారు పాత అంకెలు అలాగే ఉంచుకోకుండా మళ్లీ రికార్డు చేయాలి.

ఇలా ల్యాండ్‌లైన్‌ను ఇంటర్నెట్‌కు కలపడం చట్టబద్ధమేనా?

మీ ల్యాండ్‌లైన్‌కు వచ్చే కాల్స్‌ను మీ ఇంట్లో, మీ ఆఫీసులో ఉన్న ఫోన్లకు పంచుకోవడం ఒకటి. విదేశాల నుంచి ఇంటర్నెట్‌లో వచ్చిన కాల్స్‌ను మీ లైను ద్వారా ఇక్కడి నంబర్లకు దించడం మరొకటి. రెండోది లైసెన్సు లేని ఎక్స్ఛేంజీ నడపడమే. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కిందా అది నేరమే, 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కిందా నేరమే. "మా వాళ్లకే కదా" అన్న సమాధానం నిలవదు. అమెరికాలో ఉన్న పిల్లలు ఊళ్లోని అడాప్టర్ గుండా లోకల్ కాల్స్ చేసుకోవాలనుకుంటే ఆ ఆలోచన మానుకోమనే చెబుతాను. ఆఫీసు అమరిక విషయంలో సందేహం ఉంటే ముందే కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

చివరికి పని పూర్తయిందని ఎలా నిర్ధారించుకోవాలి?

సెల్ నుంచి ల్యాండ్‌లైన్‌కు చేసి, ఎత్తాక సెల్‌లో కట్ చేయండి. అడాప్టర్ ఇన్ఫో పేజీలో లైను ఎంతసేపటికి ఖాళీ అని చూపిస్తుందో చూడండి. టోన్ మొదలైన అయిదారు సెకన్లలో ఖాళీ కావాలి. మనం చేసిన కాల్‌తోనూ ఇదే చేయండి. తరువాత వాయిస్ మెయిల్‌కు వెళ్లేలా వదిలి, మాట్లాడకుండా కట్ చేయండి. ఇరుక్కుపోయే కాల్స్‌లో ఎక్కువ ఇక్కడివే, ఎందుకంటే ఇటువైపు పెట్టేసే మనిషి ఉండడు. చివరగా హోల్డ్ సంగీతం వినిపించే ఏదైనా కస్టమర్ కేర్ నంబరుకు చేసి పది నిమిషాలు లైనులో ఉండండి. కాల్ తెగకపోతే అంకెలను ఒక కాగితం మీద రాసి అడాప్టర్ అడుగున అంటించండి. కరెంటు ఒడిదుడుకులకో, ఎవరో రీసెట్ మీట నొక్కడం వల్లో పరికరం మొదటి స్థితికి వెళ్తే 480, 620 మళ్లీ వచ్చి కూర్చుంటాయి.